గజరాజు మీద ఆన

రూపనగుడి
జూన్ 9

హంపన్నకు,

నారప రాసేది. ఈడ మేము బాగుండాము. నువ్వు బాగుండావని మీ కొట్రమ్మ ఫోనులో మా రామక్కకు చెప్పిందంట. కాబట్టి నేను అడిగే పని లేదు.

విషయం ఏమంటే, నా గజరాజు పోయింది. మొన్న బుధవారం బళ్లారి నుంచి ఎరువు మూటలు తెస్తుంటే దారిలో తెల్లపొగ వచ్చింది, తర్వాత నల్లపొగ వచ్చింది, తర్వాత పొగ కూడా రాలేదు. మిస్త్రీ సిద్ధేశ్ ఇంజను విప్పి చూసి, "తాతా, దీన్ని బాగుచేసే బదులు గుజిరీకి ఏస్తే ఇనుమన్నా మిగుల్తాది" అన్నాడు. వాని నోట్లో మన్ను పడ.

నువ్వు నవ్వుతావు. నవ్వుకో. పదకొండేండ్లు ఆ పికప్పు నా మిరపకాయ మూటలు బ్యాడగి మార్కెట్టుకు మోసింది. ఒక్కసారి కూడా ఇంజను దించలేదు. నీ కేసరి బండికి మూడుసార్లు దించినావు. నాకు తెలీదనుకోవద్దు, ఆడవాళ్ల ఫోను మనకంటే బాగా పనిచేస్తుంది.

తొమ్మిదేండ్ల కింద తోరణగల్లు క్రాసులో, బసప్ప హోటలు ముందర, పన్నెండుమంది వింటుండగా నువ్వు అన్న మాట నేను మరవలేదు. "నారపన్న బండికి మొహమే గజరాజుది, లోపల గుండెకాయ ఎవురో తెల్లోళ్లది. బాడిగ గుండెకాయ" అన్నావు. రేయ్, అది బాడిగ కాదు. బ్రుక్నర్ ఇంజను. నీకు నోరు తిరిగితే బ్రుక్నర్ అను, నాకు మాత్రం బురుకన్నే. గజరాజు కంపెనీవాళ్లు బండి చేస్తారు, బురుకన్న కంపెనీవాళ్లు ఇంజను ఇస్తారు. వాళ్లకూ వాళ్లకూ ఒప్పందం. దాంట్లో తప్పేముంది? మా రామక్క కూడా బయటి ఊరు నుంచే వచ్చింది, ఇల్లు నడపలేదా?

ఆ దినమే నేను సిద్ధేశ్వరుని ఆన పెట్టినాను. నా బండి గుండెకాయ, నీ బండి గుండెకాయ ఒకటైన నాడే నీతో నోరు విప్పుతానని. నువ్వు కూడా ఊరికే ఉండక అదే ఆన పెట్టినావు. ఆన నోటికే గాని చేతికి లేదు. అందుకే రాస్తున్నాను. ఫోను కూడా నోరే కాబట్టి చేయను.

ఈ నెల ఇరవై దాటినాక బళ్లారికి పోయి కొత్త గజరాజు తెస్తాను. నీకు తెలియాలని రాసినాను. అంతే.

నారప

మా మనవరాలు మేఘన తప్పులు దిద్దుతానంది. నేను ఇయ్యలేదు. నా తప్పులు నావి.


సండూరు
జూన్ 15

నారపన్నకు నమస్కారం.

నీ జాబు అందింది. చదివి నేను నవ్వలేదు. కొట్రమ్మ నవ్వింది.

నిజంగా చెప్తున్నా, గజరాజు పోయిందంటే నాకు బాధే అయ్యింది. దాన్ని షోరూము నుంచి రూపనగుడికి తోలుకొచ్చింది నేనే. నువ్వు పక్కన కూర్చొని దారిపొడుగునా "గేరు మార్చు, గేరు మార్చు" అని నా పానం తిన్నావు. అప్పుడు మనం మాట్లాడుకునేవాళ్లం.

ఒక్క మాట. కొనే ముందర బోనెట్ ఎత్తించు. ఇంజను పక్కన చిన్న రేకు కొట్టి ఉంటుంది. దాని మీద ఏం రాసి ఉందో చదువు. మా చిన్నోడు హంపేశ్ ఈడ తోరణగల్లులో స్పేర్‌పార్టుల అంగడిలో ఉన్నాడు కదా, వాడొక సంగతి చెప్పినాడు. నేను చెప్పను. చెప్తే, కేసరివాడు కుళ్లుతో చెప్తున్నాడు అంటావు. నువ్వే చూసుకో.

కేసరి బాగుంది. నాకే కొంచెం గొంతు బొంగురుపోయింది. ఈ సండూరులో ఖనిజం లారీల ఎర్రదుమ్ముకు గోడలే దగ్గుతాయి, మనిషెంత. ఏం లేదు.

కళ్లద్దాలు మరవకుండా తీసుకొనిపో.

నీ
హంపన్న


రూపనగుడి
జూన్ 28

హంపన్నకు,

కొన్నాను. తెల్లది. ముందర ఏనుగు బొమ్మ పాతదాని కంటే రెండింతలుంది. తొండం ఎత్తింది.

నీ రేకు నేను చదవలేదు. పెండ్లిచూపుల్లో పిల్ల నోరు తెరిపించి పండ్లు లెక్కపెట్టే రకం కాదు నేను. షోరూములో హిమజ అని ఒక ఆడపిల్ల ఉంది. మంచి పిల్ల, మర్యాద తెలిసింది. "తాతగారూ, ఈ మోడల్ నుంచి ఇంజన్ పార్ట్‌నర్‌షిప్‌లో మార్పు ఉందండీ" అని ఏదో మొదలుపెట్టింది. "చూడమ్మా, నీకు ఎన్నేండ్లు?" అన్నాను. "ఇరవైమూడు" అంది. "నేను డీజిలు పొగ మింగబట్టి నలభై ఏండ్లు. పక్కకు జరుగు" అన్నాను.

బోనెట్ ఎత్తించి ఇంజను స్టార్టు చేయించినాను. నా మూరెడు స్క్రూడ్రైవరు తీసినాను. కొన ఇంజను మీద, పిడి చెవికి. నీకు తెలుసు కదా, నేను డాక్టరు కంటే బాగా వింటాను. షోరూము అంతా వచ్చి చుట్టూ నిలబడింది. విన్నాను. అదే గొంతు! మా బురుకన్నే. తల్లి గొంతు బిడ్డ మరుస్తుందా? "ఇదే నా ఇంజను" అన్నాను. ఆ పిల్ల మళ్లీ ఏదో అనబోయి ఊరుకుంది.

వచ్చే దారిలో ఊరికే తోరణగల్లు దాకా తోలినాను. బసప్ప హోటలు ముందర ఆపి, అందరినీ పిలిచి స్క్రూడ్రైవరు ఇచ్చి వినిపించినాను. బసప్ప కూడా విన్నాడు. "ఇదీ మొగోని గొంతంటే. హంపన్న కేసరి ఉండాదే, అది డబ్బాలో గులకరాళ్లు పోసి ఆడించినట్లుంటాది" అన్నాను. అందరూ నవ్వినారు. నీకు చెప్తారు ఎట్లాగూ, అందుకే నేనే ముందర రాస్తున్నాను.

నారప


సండూరు
జూలై 10

నారపన్నకు,

చాలా సంతోషం. ఏనుగు తొండం ఎత్తితే శుభమే.

స్క్రూడ్రైవరు ఏ చెవికి పెట్టినావు? ఎడమ చెవి నీకు వినపడదు కదా, అందుకు అడిగినాను.

నిన్ను నాకు తెలుసు, సర్వీసుకు షోరూముకు పోవు, నీ చేత్తో నువ్వే చేసుకుంటావు. డీజిలు ఫిల్టరు మార్చిన దినం మాత్రం నాకొక జాబు రాయి. మరేం లేదు, ఊరికే.

గొంతు అట్లే ఉంది.

హంపన్న


రూపనగుడి
ఆగస్టు 20

తమ్ముడు హంపన్నకు,

క్షేమం. ఈ ఏడు వానలు బాగుండాయి. మిరప నారు బాగా లేచింది. పత్తికి పురుగు లేదు. మీ సండూరు కొండల్లో వానలెట్లుండాయి? కొండలు పచ్చగా ఉన్నాయా?

నీ ఆరోగ్యం ఎట్లుంది? కొట్రమ్మ మోకాలు నొప్పి ఎట్లుంది?

పోయిన జాబులో నీ కేసరి గురించి గులకరాళ్లు అని రాసినట్టు గుర్తు. కోపంలో రాసినాను. ఆలోచించి చూస్తే కేసరి శబ్దం మరీ అంత చెడ్డది కాదు. దూరం నుంచి వింటే బాగానే ఉంటుంది.

బండి నడుస్తున్నది. దాని గురించి విశేషం ఏమీ లేదు.

నారప


సండూరు
ఆగస్టు 27

అన్నా,

నలభై ఏండ్ల స్నేహంలో నువ్వు నా ఆరోగ్యం ఎప్పుడూ అడగలేదు. కొండలు పచ్చగా ఉన్నాయా అని అసలే అడగలేదు. కేసరిని మెచ్చుకున్న తావున మాత్రం నా కళ్లద్దాలు తుడుచుకొని రెండుసార్లు చదివినాను.

ఫిల్టరు మార్చినావు కదా?

బళ్లారిలో గోపీకృష్ణ అంగడికి సరుకు పంపేది మా హంపేశ్ పనిచేసే అంగడే. పోయిన వారం ఎవరో పెద్దాయన వచ్చి గజరాజుకు ఫిల్టరు అడిగి, ఇచ్చిన పొట్లం చూసి కౌంటరు మీద గుద్ది, అంగడి అదిరేట్లు అరిచి, మళ్లీ ఏమనుకున్నాడో పొట్లం పంచె మడతలో దోపుకొని వెళ్లిపోయినాడంట. పేరు చెప్పలేదంట. గోపీకృష్ణ మీసం ఎట్లుందో మాత్రం చెప్పినాడు. ఆ మీసం ఈ జిల్లాలో ఒకటే ఉంది.

నేనేమీ ఒప్పుకోమని అడగను. ఆన నువ్వు పెట్టినావు, ఎప్పుడు దించాలో నీకే తెలుసు.

హంపన్న


రూపనగుడి
సెప్టెంబరు 6

రేయ్ హంపా,

గొంతులో గడ్డ పెట్టుకొని నాకు ఎర్రదుమ్ము అని రాస్తావా? నాకు మీసం గురించి రాస్తావా? నీకు సిగ్గుండాదా?

పొద్దున రామక్క చెప్పింది. కొట్రమ్మ ఫోనులో ఏడ్చిందంట. అక్టోబరు ఏడున బళ్లారి పెద్దాసుపత్రిలో కోస్తారంట. కోసినాక గొంతు వస్తే వస్తుంది, రాకపోతే లేదు, దేవుని దయ అన్నాడంట డాక్టరు. మన ఇద్దరి ఆడవాళ్లకు తెలుసు, మిస్త్రీ సిద్ధేశ్‌కు కూడా తెలుసు, నాకు తెలీదు. నేను ఎవరిని?

సరే. ఇప్పుడు నా సంగతి రాస్తాను. ఒక్కసారే రాస్తాను, మళ్లీ అడగొద్దు.

గోపీకృష్ణ అంగడికి పోయింది నేనే. గజరాజుకు ఫిల్టరు ఇయ్యమంటే వాడు సింహం బొమ్మ ఉన్న పొట్లం తెచ్చి నా ముందర పెట్టినాడు. కేసరి సింహం. "ఏమప్పా, కండ్లు కనపడవా? ఏనుగు అడిగితే సింహం ఇస్తావు!" అన్నాను. వాడు తల ఎత్తకుండానే, "రెంటికీ ఇదే తాతా. ఇంజను ఒకటే" అన్నాడు. "యాడ ఒకటి? ఎవుడు చెప్పినాడు?" అని గుద్దినాను. "నన్నెందుకు గుద్దేది? ఆ కంపెనీవాళ్లనే అడుగుపో" అన్నాడు.

పోయినాను. షోరూములో ఆ హిమజ పిల్లనే అడిగినాను. కుర్చీ వేసి, మంచినీళ్లు ఇచ్చి, నిదానంగా చెప్పింది. పొగ గురించి గవర్నమెంటు కొత్త రూలు పెట్టిందంట. దానికి తగినట్టు చిన్న డీజిలు ఇంజను చేయాలంటే ఖర్చెక్కువని బురుకన్న కంపెనీవాళ్లు చేసేదే మానుకున్నారంట. గజరాజువాళ్ల చేతిలో బండి ఉంది, ఇంజను లేదు. సొంతంగా చేసుకోవాలంటే ఐదేండ్లు పడుతుందంట. అందుకని పోయి నీల్‌కంఠ్ కంపెనీవాళ్లతో ఒప్పందం చేసుకున్నారు. ఆ నీల్‌కంఠ్ వాళ్లు మొదటి నుంచీ ఎవరికి ఇంజన్లు ఇస్తున్నారో నీకు తెలుసు.

"అంటే అమ్మా, నా ఏనుగు కడుపులో సింహం ఉండాదా?" అన్నాను. ఆ పిల్ల నవ్వలేదు. "మీరు స్క్రూడ్రైవర్ పెట్టినప్పుడే చెప్పబోయాను తాతగారూ" అంది.

ఇంకో మాట కూడా రాస్తాను. ఆ దినం రేకు చదవకపోయింది పౌరుషం కాదు. రేకు ఇంగ్లీషులో ఉంది. నాకు ఇంగ్లీషు రాదు. ఇరవైమూడేండ్ల పిల్ల ముందర ఆ మాట అనలేక స్క్రూడ్రైవరు తీసినాను. ఇంటికొచ్చినాక మేఘనను కూడా అడగలేదు. బోనెట్ ఎత్తి, ఫిల్టరు పొట్లం మీది అక్షరాలు, రేకు మీది అక్షరాలు ఒక్కొక్కటే పక్కపక్కన పెట్టి చూసినాను. తొమ్మిది అక్షరాలు. తొమ్మిదీ ఒకటే. బోనెట్ మూసినాను. నలభై ఏండ్లు ఇంజన్ల గొంతు తెలుసు అని తిరిగినోణ్ణి, ఊరందరినీ పిలిచి నీ కేసరి గొంతే వినిపించి మొగోని గొంతు అన్నాను. అందుకే నీకు వానల గురించి రాసినాను.

ఇంజను గొంతు గుర్తుపట్టలేకపోయినాను గాని, తొమ్మిదేండ్లు వినకపోయినా నీ గొంతు నాకు గుర్తుంది. దాన్ని కోసే ముందర నేను వినాలి.

ఆన పెట్టిన చోటే దించాలి, పెట్టినప్పుడు ఉన్నోళ్ల ముందరే దించాలి. ఇంట్లో కూర్చొని దించితే చెల్లదు. అప్పుడు పన్నెండుమంది. ఇద్దరు పోయినారు. పదిమంది చాలు. ఆయుధపూజ దినం పదిగంటలకు బసప్ప హోటలు ముందరికి కేసరిని తోలుకొని రా. నేను గజరాజును తెస్తాను. హంపేశ్‌ను పిలుచుకొని రా, నా ఫిల్టరు నీ బండికి, నీ ఫిల్టరు నా బండికి వేయనీ. రెండు రేకులూ అందరి ముందర చదివించనీ. గుండెకాయ ఒకటే అని పదిమందీ ఒప్పుకోనీ.

నేను ఓడిపోయినానని అనుకోవద్దు. కంపెనీవాళ్లు ఓడించినారు.

నారప


సండూరు
సెప్టెంబరు 14

అన్నా,

వస్తాను.

గడ్డ సంగతి ఎందుకు రాయలేదంటే, రాసి ఉంటే నువ్వు జాలిపడి ఆన తెంచేవాడివి. సిద్ధేశ్వరుని పేరు మీద పెట్టిన ఆన జాలితో తెంచితే రేపు నీ ఇంట్లో ఎవరికి తుమ్ము వచ్చినా అందుకే అంటారు. నేను కూడా అట్లే అనుకుంటాను. నిజంగా ఇంజన్లు ఒకటైతే ఆన దానంతట అదే దిగుతుంది. హంపేశ్ ఆ కబురు తెచ్చిన దినం నేను కొట్రమ్మకు మైసూర్‌పాకు తెచ్చి పెట్టినాను. కానీ అది నా నోటితో కాదు, నీ కంటితో తెలియాలి. అందుకే రేకు చదవమన్నాను. నీకు ఇంగ్లీషు రాదని మరిచిపోయినాను, తప్పు నాది.

గొంతు ఇప్పుడు చాలా చెడ్డగా ఉంది. గులకరాళ్లు పోసిన డబ్బా లాగ. ముందరే చెప్తున్నా.

హంపన్న


బళ్లారి, పెద్దాసుపత్రి
నీ కుర్చీకి మూడడుగుల దూరం
అక్టోబరు 11

నారపన్నకు,

నువ్వు ఎదురుగా కూర్చొని ఉండగా జాబు రాయాల్సి వచ్చింది. నలభై దినాలు నోరు తెరవద్దని డాక్టరు చెప్పినాడు. గొంతు వస్తుంది, కొంచెం బొంగురుగా వస్తుంది అన్నాడు. ఆ మాట విని నువ్వు బయటికి పోయి కండ్లు తుడుచుకొని వచ్చింది నేను చూసినాను. అది ఎవరికీ చెప్పను.

కానీ ఒకటి మాత్రం రాసి తీరాలి. మూడు దినాలుగా నన్ను చూడను వచ్చినవాళ్లందరికీ నువ్వు అబద్ధం చెప్తున్నావు. నేను కాదనలేనని నీకు ధైర్యం. కాబట్టి నిజం ఏందో ఈ కాగితం మీద ఉంచుతున్నాను. ఇది కొట్రమ్మ తలగడ కింద పెట్టుకుంటుంది, వచ్చినవాళ్లకు చూపిస్తుంది.

ఆయుధపూజ దినం బసప్ప హోటలు ముందర రెండు బండ్లూ నిలబడినాయి. అరటిపిలకలు, బంతిపూలు, చక్రాల కింద నిమ్మకాయలు. హంపేశ్ ఫిల్టర్లు మార్చినాడు. రెండు బండ్లూ స్టార్టు అయినాయి. మేఘన రెండు రేకులూ చదివింది. పదిమంది సరే అన్నారు. బసప్ప గుమ్మడికాయ పగలగొట్టినాడు. అంతవరకు నువ్వు చెప్పేది నిజమే.

ఆ తర్వాత నువ్వు జేబులో నుంచి కాగితం తీసి, "తమ్ముడా హంపన్నా, తొమ్మిదేండ్ల తర్వాత నిన్ను మనసారా పలకరిస్తాండా" అన్నావని చెప్తున్నావు. అది అబద్ధం. కాగితం తీసినావు, నిజం. చదవలేదు. ఎందుకంటే అప్పుడే నేను కేసరిని నీ బండికి ఎదురుగా తిప్పుదామని వెనక్కి తీస్తున్నాను. తొమ్మిదేండ్ల తర్వాత నువ్వు నాతో అన్న మొదటి మాట ఇది: "రేయ్, రేయ్! వెనక మోరీ కాలువ ఉండాది, బ్రేకు తొక్కరా దున్నపోతా!"

నేను అన్న మొదటి మాట: "తొక్కినాలేప్పా, అరచొద్దు!"

పదిమంది సాక్షి.

అప్పటి నుంచి ఆపరేషను దాకా ఆరు దినాలు మనం మాట్లాడుకున్నాం. దాంట్లో ఐదు దినాలు కొట్లాటే. నాకు చాలా బాగుండింది.

ఇప్పుడు నువ్వు ఒక్కనివే మాట్లాడుతున్నావు. ఒకటే ఇంజను అయినా గజరాజులో అది బాగా నడుస్తుందని, పుట్టింట్లో పనిచేయని పిల్ల అత్తింట్లో పనిచేసినట్టని, పొద్దున నుంచి నాలుగుసార్లు చెప్పినావు. నేను కాదనలేదంటే ఒప్పుకున్నట్టు కాదు. ఇంకా ముప్ఫై ఆరు దినాలు ఉంది. నేను మాట్లాడలేనప్పుడు గెలిచింది లెక్కలోకి రాదు. నలభై ఒకటో దినం పొద్దున్నే నువ్వు ఇదే కుర్చీ తెచ్చుకొని మా ఇంటి ముందర కూర్చో.

ఇంకొకటి. నిన్న మధ్యాహ్నం నేను నిద్రపోతున్నాననుకొని, సంచిలో నుంచి స్క్రూడ్రైవరు తీసి, పిడి నా ఎద మీద పెట్టి, కొనకు గుడ్డ చుట్టి నీ చెవికి పెట్టుకొని చాలాసేపు విన్నావు. నర్సమ్మ కేకలు వేస్తే దుమ్ము దులుపుతున్నానని చెప్పినావు. నేను నిద్రపోలేదు.

ఎడమ చెవికి పెట్టుకున్నావన్నా. అందులో నీకేం వినపడి ఉంటుంది?

సాయంత్రం నర్సమ్మ టీ తాగను పోతుంది. అప్పుడు కుడి చెవికి పెట్టుకొని నిదానంగా విను. విని, ఏ కంపెనీదో చెప్పు.

హంపన్న